లెక్కకు రాని కాలం

బాలస్వామి దుబాయికి పోనే లేదన్న సంగతి సోమవారం పొద్దెక్కేసరికి సింగారం ఊరంతటికీ తెలిసిపోయింది.

ఆదివారం దాకా అతడు దుబాయి బాలస్వామి. పాలవాడికీ, పోస్టుమానుకూ, బడిపిల్లలకూ అదే పేరు. అతని ఇంటి ముందు గోడ మీద, గేటుకు కుడిపక్కన, ఆకుపచ్చ రంగుతో ఒక ఖర్జూరపు చెట్టూ, చెట్టు కింద ఒక ఒంటె బొమ్మా వేయించుకున్నాడు. సోమవారం తెల్లవారేసరికి వాటి మీద సున్నం కొట్టి ఉంది. సున్నం ఆరేకొద్దీ చెట్టు మాయమైంది గానీ, ఒంటె మూపు మాత్రం పలచగా పైకి తేలుతోంది.

నీళ్ల బిందె చంకన పెట్టుకుని భద్రమ్మ ఆ గోడ ముందు ఆగింది. గేటు దగ్గర వేపపుల్ల నములుతూ బాలస్వామి నిలబడి ఉన్నాడు.

"ఏం భద్రమ్మా, గోడ కొత్తగున్నదా?"

"ఒంటె లేచి నిలబడుతాంది. ఇంకో పూత కొట్టియ్యి" అని, బిందె చంక మార్చుకుని ఆమె నడిచింది.

ఇంట్లో ఆసు ఆమె కోసం గోడకు ఆని ఉంది. కొయ్యచట్రం మీద వంపుగా నాటిన మేకులు ఒకవైపు. వాటికి ఎదురుగా, కొలువు ముందు కూర్చున్న రాజులా కాక, కొలువు ముందు నిలబెట్టిన నేరస్థుడిలా, ఒంటరిగా ఒక మేకు. దారం ఒంటి మేకు దగ్గర బయలుదేరి వంపులోని మేకును చుట్టి రావాలి. మళ్లీ పోవాలి, పక్క మేకును చుట్టి రావాలి. చీరకు సరిపడే పేక, అడ్డపోగుల నూలు, పడేదాకా చెయ్యి ఆ దారినే నడవాలి. భద్రమ్మ భుజం ఎన్నడో అరిగిపోయింది. నొప్పి లేకుండా చెయ్యి ఎలా ఆడుతుందో ఆమెకు ఇప్పుడు గుర్తు లేదు.

మూలన ఆమె కూతురు అండాలు రాట్నం మీద కండెలు చుడుతోంది. పద్నాలుగేళ్ల పిల్ల. చక్రాన్ని ఎడమచేత్తో తిప్పుతుంది. కుడిచేతి మూడు వేళ్లు అతుక్కుపోయి ఒకే వేలయ్యాయి. దారం ఆ గట్టు మీదుగా జారిపోతూ ఉంటుంది. గట్టు అంచున, ఎంత కడిగినా పోని ఎరుపు.

తొమ్మిదేళ్లప్పుడు అండాలు బాలస్వామి షెడ్డులో చిటికి కట్టేది. రంగు తాకకూడని చోట నూలును సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టడమే ఆ పని. చిన్న వేళ్లయితే కట్టు సన్నగా పడుతుందని పిల్లల్నే పెట్టుకుంటారు. ఒకనాడు రంగులోంచి తీసిన కట్ట విప్పితే చీర బొమ్మలోని ఏనుగు తొండం నడుమ తెగిపోయి కనిపించింది. ఇది ఎవరు కట్టారని బాలస్వామి అడిగాడు. అండాలు, బడిలో లాగా, చెయ్యి ఎత్తింది. ఎత్తిన ఆ చేతినే పట్టుకుని అతడు మరుగుతున్న రంగు గంగాళంలో పెట్టాడు. దవాఖానలో నర్సు చాలాసేపు ఆ చేతిని కడుగుతూనే ఉండిపోయింది, ఏది రంగో ఏది చర్మమో తెలియక.

"అమ్మా, నువ్వు ఒంటెను చూసి వచ్చినవా?" అంది అండాలు.

"చూసిన. అది కూడా సాక్ష్యానికి రానంటాంది" అని భద్రమ్మ నవ్వింది.

గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న గాలయ్య నాడె విసరడం ఆపాడు. భార్య నవ్వు అతనికి ఎప్పుడూ భయమే. "గురువారం ఒక్కనాడు కోర్టుకు పోయి, జడ్జికి దండం పెట్టి వద్దాం. ఇగ చాలు" అన్నాడు. భద్రమ్మ చెయ్యి ఆసు మీద ఆగలేదు. దారం పోయింది, వచ్చింది.

ముందురోజు ఆదివారం భువనగిరిలో, బండ కింది గల్లీలో, వకీలు లియాఖత్ అలీ ఆమెకు మెల్లగా, పిల్లకు అన్నం కలిపిపెట్టినట్టు, విషయం విడమరచి చెప్పాడు.

"చూడమ్మా. ఇసొంటి దెబ్బల కేసు మూడేండ్ల లోపల కోర్టుకు రావాలె. మనం నాలుగేండ్లు దాటినంక పోయినం. మియాదు దాటింది, కొట్టెయ్యండి అని బాలస్వామి వకీలు అడుగుతున్నడు."

"మియాదు అంటే?"

"గడువు. ఏండ్లు గడిస్తే కోర్టు తలుపు మూసుకుంటది. వేళ్లు పనికి రాకుండ అతుక్కున్నయని దవాఖానోళ్లు అప్పుడే రాసి ఉంటే ఈ లొల్లే లేకపోవు, అది పెద్ద నేరమయితుండె. వాళ్లు తోలు కాలిందని రాసి ఊకున్నరు."

"కులపోళ్ల మాట దాటి పోవద్దంటె ఆగితిమి గద సాబ్. నేనేం నిద్రపోయిన్నా?"

"జడ్జి తలుచుకుంటే గడువు పెంచొచ్చు. కాని కులం ఆగమన్నదంటే ఏ జడ్జి ఒప్పుతడు? ఇంకో దారుంది. నేరం చేసినోడు దేశం దాటి పోతే, వాడు లేని కాలాన్ని లెక్కలకెల్లి తీసెయ్యాలె. పిల్ల చెయ్యి కాలినంక బాలస్వామి రెండేండ్లు దుబాయిల ఉన్నడు. ఆ రెండు తీసేస్తే మనం గడువు లోపలనే ఉన్నం."

"మరింకేంది!"

"వాడు దుబాయికి పోలేదు, బొంబాయి కాడ భీమండికి పోయిన అంటున్నడు. ఏజెంటు వేరే పేరు మీద పాస్‌పోర్టు చేసి పంపిండట, కాయితం దొరకది. మనిషి కావాలె. 'బాలస్వామి దుబాయిల ఉండె, నాకు ఎరికె' అని బోన్ల నిలబడి చెప్పే ఒక్క మనిషి. గురువారం ఆఖరు వాయిదా."

భద్రమ్మ అప్పుడు పకపకా నవ్వింది. "ఒక్కరా సాబ్? లారీ నింపుకొని వస్త!"

సోమవారం మధ్యాహ్నం ఆమె మొదటగా లీలమ్మ ఇంటికి పోయింది. బాలస్వామి తిరిగి వచ్చినప్పుడు మేకలు కోసి ఊరికి బువ్వ పెట్టాడు. వచ్చిన ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఇచ్చాడు. లీలమ్మకు పులిబొమ్మ రగ్గు దక్కింది. ఆ ఎండాకాలం ఆమె దాన్ని వాకిట్లో ఆరేసి, ఆరిందాకా పక్కనే కూర్చుని, దారిన పోయేవాళ్లను పలకరించేది. ఇప్పుడు ఆ రగ్గు మంచం మీద తలకిందులుగా పరిచి ఉంది. పులి పరుపుకు మొహం పెట్టి పడుకుంది.

"గిది నేను సంతల కొన్నది" అంది లీలమ్మ, ఎవరూ అడగక ముందే.

"నేను రగ్గు ముచ్చట తియ్యలేదు గద లీలమ్మా."

"నువ్వు తీస్తవ్. నీ కండ్లు దాని మీదనే ఉన్నయి."

"నీ కాళ్లు మొక్కుత. ఒక్క మాట చెప్పు చాలు. వాడు దుబాయికెల్లి దిగిననాడు నువ్వే గద మంగళారతి పట్టినవ్."

లీలమ్మ దిండు తీసి మళ్లీ అక్కడే పెట్టింది. "మంగళారతి బొంబాయికెల్లి వచ్చినోనికి పట్టరా ఏంది? మా ఆయన వాని షెడ్డుల ఉన్నడు, నీకెరికే. పిల్ల చెయ్యి కాలింది, పాపం, కాదన్ననా? కాలిన చెయ్యి కేసు గెలిస్తే మళ్ల మొలుస్తదా చెప్పు."

"మొలువది."

"మరి!"

ఆ 'మరి' దగ్గర మాట ఆగిపోయింది. బుధవారం దాకా భద్రమ్మ ఎక్కిన ప్రతి గడప దగ్గరా అలాంటి మాటే ఒకటి అడ్డం నిలబడింది. ఒక ఇంట్లో టేపురికార్డరు మీద తువ్వాల కప్పి ఉంది. ఒక ఇంట్లో ఆమెను చూడగానే ముసలాయన తెల్లటి అత్తరు సీసా బొడ్లో దోపుకున్నాడు. వాసన మాత్రం వాకిలి దాకా వచ్చి, ఆమెను సాగనంపి వెళ్లింది. ఊరు ఇంత చిన్న అబద్ధాన్ని ఇంత పెద్ద శ్రద్ధతో మోయడం చూసి ఆమెకు మొదట నవ్వు వచ్చింది, తర్వాత కోపం, చివరికి అలసట.

ఆమె ఆశంతా ఇక్బాల్ బీ మీదే. ఇక్బాల్ బీ కొడుకు ఖుద్దూస్ ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాడు. అక్కడ బాలస్వామీ అతడూ ఒకే గదిలో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకున్నారు. గాజుల బుట్ట ముందు పెట్టుకుని ఇక్బాల్ బీ ఒక కొత్త కోడలికి గాజులు తొడుగుతోంది. పిల్ల అరచేతిని రెండు చేతుల నడుమ పెట్టి, ఎముకలన్నీ మెత్తని పిండి అయినట్టు దగ్గరికి అదిమి, గాజును మణికట్టు దాకా జార్చింది. ఒక్కటి పగల్లేదు. ఆ పిల్ల వెళ్లిపోయేదాకా భద్రమ్మ గుమ్మం పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు వచ్చినవో నాకెరికె చెల్లె" అంది ఇక్బాల్ బీ, గాజులు దారానికి గుచ్చుతూ. "నేను అబద్ధం ఆడ. వాడు భీమండిల ఉండెనని సచ్చినా అన. నిజం కూడా కోర్టుకొచ్చి చెప్ప."

"ఎందుకు బీ అక్కా?"

"ఖుద్దూస్ కాయితాలన్ని వాని సేటు దగ్గరున్నయి. సేటుకు బాలస్వామి మాట అంటే మాట. నేనిక్కడ బోను ఎక్కితే, నా కొడుకును ఆడ రోడ్డు మీదికి తోస్తరు. కాయితం లేని మనిషిని ఆ దేశంల జైల్ల ఏస్తరు." ఆమె వేళ్ల నడుమ ఒక గాజు చిట్లింది. "అండాలుకు మొదటి గాజులు తొడిగింది నేనే. ఆ చేతికి ఇప్పుడు నా గాజు పట్టది. నాకు బాధ లేదనుకున్నవా? అల్లా ముందర చెప్పుకుంట."

"జడ్జి ముందర చెప్పాలె అక్కా."

"నీకు ఒక్క బిడ్డ. నాకు ఒక్క కొడుకు" అంది ఇక్బాల్ బీ. చిట్లిన గాజు ముక్కలు ఏరి కొంగున మూటగట్టుకుంది, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా.

ఆమె మీద భద్రమ్మకు కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. అదే ఎక్కువ బరువుగా తోచింది.

బుధవారం సాయంత్రం భద్రమ్మ నూలు కోసం చేనేత సంఘానికి పోయింది. కులపెద్ద ఐలేశం తక్కెడ ముందు కూర్చుని, నూలు చిలపల్ని వేలితో తట్టి, మీటి, గింజ లాంటి ముడులు చూసి పక్కన పెడుతున్నాడు. నూలు పట్టుకుంటే ఆయన వేళ్లు మర్యాదగా మారిపోతాయి. అంత ఎండలోనూ నిండుచేతుల చొక్కా తొడుక్కున్నాడు. కుడిచెయ్యి ఆడినప్పుడల్లా ఎడమ మణికట్టు దగ్గర గుడ్డను కిందికి లాక్కుంటున్నాడు. ఆ గుడ్డ కింద ఏ గడియారం ఉందో ఊరికి తెలుసు.

"పెద్దయ్యా, రేపే వాయిదా."

"ఎరికే. నేను కూడా వస్తున్న. బాలస్వామి తరఫున." ఆయన తల ఎత్తలేదు. "వాడు భీమండిల మగ్గాల కాడ ఉండె. అదే చెప్త."

"మరి ఆనాడు గాలయ్య వచ్చి ఏడిస్తే ఏమన్నవ్? 'దుబాయికెల్లి రానియ్యి, ఇద్దర్ని పంచాయితి చాప మీద కూసోబెట్టి తీర్పు చెప్త' అనలేదా? నువ్వు చెప్పినవనే గద మేము ఠాణా మొకం చూడలేదు. వాడు వచ్చినంక అడిగితే, 'పాత ముచ్చట, మరిచిపోండ్రి' అంటివి."

"దుబాయి అన్నట్టు నాకు యాదికి లేదు."

"నీ యాది కూడా సున్నం కొట్టుకున్నదా పెద్దయ్యా?"

తక్కెడ చుట్టూ ఉన్న వాళ్లు ఐలేశం వైపు తిరిగారు. ఐలేశం చిలపను బోర్లించి పెట్టి, అప్పుడు చూశాడు ఆమె మొహంలోకి. "నువ్వు కోర్టుకు పోయిన్నాడే కులం మొకం మీద ఉమ్మినవ్. ఇంటి సంగతి ఇంట్ల తేల్చుకునే జాతి మనది. ఒక్క పిల్ల చెయ్యి కోసం వందిండ్ల నోటికాడి కూడు తీస్తవా? వాని షెడ్డు మూతపడితే నీ అయ్య పెడ్తడా అందరికి?"

భద్రమ్మ నూలు మూట నెత్తికెత్తుకుంది. మూట బరువు ఎప్పటిలాగే ఉంది. అది సంఘం తన ఇంటికి ఇచ్చే ఆఖరి మూట కావచ్చునని ఆమె మెడకు తెలిసింది.

గురువారం కోర్టు వరండాలో నీడ ఒక పట్టీలా మిగిలింది. ఆ పట్టీలోనే జనం ఒదిగి కూర్చున్నారు. గాలయ్య రాలేదు. భద్రమ్మకూ అండాలుకూ కాస్త జాగా ఇచ్చిన ఆడమనిషి తన పేరు బిక్షమ్మ అని చెప్పింది. పొలం గెట్టు కేసుకు ఇంటిల్లిపాదీ వచ్చారట. ఆమె పక్కన అండాలు ఈడు పిల్ల ఒకతె, తల్లి కొంగును మొహం మీదికి లాక్కుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. బిక్షమ్మ చెంబు చేతికిస్తే అండాలు ఎడమచేత్తో అందుకుంది. బిక్షమ్మ కుడిచెయ్యి చూసింది, ఏమీ అడగలేదు.

లియాఖత్ అలీ నల్లకోటు భుజాన వేసుకుని వచ్చాడు. "లారీ ఏదమ్మా?"

"లారీ లేదు, ఎడ్లబండి లేదు. ఎవ్వరు రారు సాబ్."

అతని మొహం వాడిపోయింది. కోటులో చెయ్యి దూర్చుతూ, తనకు తాను చెప్పుకుంటున్నట్టు, "భీమండిల ఉన్నడనే వాళ్ల మాట నిలబడుతది ఇగ" అన్నాడు.

"ఎట్ల నిలబడుతది?" అంది భద్రమ్మ, విసుగ్గా. "భీమండిల ఉంటే ఐలేశం పెద్దయ్య పిలిపియ్యకుంట ఊకుంటుండెనా? మొన్న పెండ్లాన్ని కొట్టిండని ఒగన్ని భీమండికెల్లి గుంజుకొచ్చి చాప మీద కూసోబెట్టిండు."

లియాఖత్ అలీ చెయ్యి కోటులో సగంలోనే ఆగిపోయింది. "ఏదీ, ఆ మాట మళ్ల చెప్పు."

లోపల బాలస్వామి ముద్దాయి బోనులో నిలబడ్డాడు. ఇస్త్రీ బట్టలు మాని పాత లుంగీ, మాసిన చొక్కా వేసుకుని వచ్చాడు, భీమండి మనిషిలా. వెనక బెంచీల మీద కులం మగవాళ్లు. ఐలేశం సాక్షి బోనెక్కి, ప్రమాణం చేసి, అడిగిన దానికి అడిగినంత చెప్పాడు. బాలస్వామి ఆ రెండేళ్లూ భీమండిలో మరమగ్గాల మీద పనిచేశాడు. దుబాయి అన్నది గిట్టనివాళ్లు పుట్టించిన మాట. బాలస్వామి వకీలు సంతృప్తిగా కూర్చున్నాడు.

లియాఖత్ అలీ లేచి, నమస్కారం చేసినంత వినయంగా అడిగాడు. "మీ ఊరోళ్లు భీమండిల ఎంతమంది ఉంటరు పెద్దమనిషీ?"

"సగం ఊరు ఆడనే ఉంటది."

"ఆడ ఉన్నోని మీద ఈడ పంచాయితి వస్తే?"

"పిలిపిస్తం. కార్డు రాస్తం. కార్డు అందినంక మొదటి రైలెక్కాలె."

"ఎక్కకపోతే?"

ఐలేశం నవ్వాడు. ఆ నవ్వులో అబద్ధం లేదు. పొద్దుటినుంచి బిగుసుకుని ఉన్న మనిషి తనకు తెలిసిన నేల మీద మొదటిసారి కాలు మోపినట్టు నిలబడ్డాడు. "ఎక్కకపోవుడన్నది లేదు సారూ. మా తాత కూసున్న చాప అది. జరమొచ్చి పండుకున్నోడు వచ్చిండు, పెండ్లాం పురిటిల ఉన్నోడు వచ్చిండు. భీమండి కాని, సూరతు కాని. మా చాప పిలిస్తే రానోడు ఇంక పుట్టలే."

వెనక బెంచీల మీద మగవాళ్ల వీపులు నిటారయ్యాయి.

"బహుత్ అచ్ఛా. అండాలు చెయ్యి కాలినంక గాలయ్య మీ కాడికి వచ్చి మొర పెట్టుకున్నడా?"

"పెట్టుకున్నడు."

"చాప పరిచిన్రా?"

"లేదు. బాలస్వామి ఊర్ల లేకుండె. ఒక్క దిక్కు మనిషితోని కూసునుడు మా రివాజు కాదు."

"బాలస్వామి భీమండిల ఉండె."

"ఉండె."

"కార్డు రాసిన్రా?"

పైన పంకా తిరుగుతూనే ఉంది. ఐలేశం కళ్లు బాలస్వామి మీదికి పోయి, అక్కడ ఆగక, వెనక బెంచీల మీదికి పోయాయి. జవాబు కోసం వాళ్లూ ఎదురు చూస్తున్నారు. ఊళ్లో వాళ్ల ప్రతి కొట్లాటనూ, ప్రతి ఎడబాటునూ ఆ చాప మీద పెట్టినవాళ్లే అందరూ.

మెజిస్ట్రేటు కలం పైకెత్తి చూశాడు. "సమాధానం చెప్పండి. పిలిచారా? పిలిచినా అతను రాలేదా? లేక మీరు పిలవనే లేదా?"

భద్రమ్మకు ఐలేశం చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. బోను కర్రను పట్టుకున్న ఆ వేళ్లు, చిలపలో ముడి వెతికినట్టు, కర్ర పొడవునా ముందుకు పోయి, వెనక్కి వచ్చాయి. పిలిచినా రాలేదంటే చాప పోతుంది. పిలవలేదంటే, కాలిన పిల్ల కోసం కార్డుముక్క రాయని మనిషిగా తాను పోతాడు. బాలస్వామి మెల్లగా దగ్గాడు. ఐలేశం అటు తిరగలేదు.

"పిలుపు నేల మీద నడుస్తది సారూ. నీళ్ల మీద నడువది."

"అంటే?"

"సముద్రం అవుతల ఉన్నోనికి ఏం కార్డు రాస్తం? దుబాయి మా చాపకు అందదు."

బాలస్వామి వకీలు గబగబా లేచాడు. ఫైలు తిరగేసి, మళ్లీ కూర్చున్నాడు.

"ఎంతకాలం అక్కడ ఉన్నాడు?" అన్నాడు మెజిస్ట్రేటు, రాస్తూనే.

"రెండు బతుకమ్మలు పోయినయి, వాడు లేకుండ" అన్నాడు ఐలేశం. ఆ తర్వాత ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా బోను దిగడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం తర్వాత ఉత్తర్వు చదివారు. ముద్దాయి దేశంలో లేని కాలాన్ని మినహాయించాలి, ఫిర్యాదు గడువులోనే దాఖలైంది, కేసు నడుస్తుంది, ఫిర్యాదీ సాక్ష్యం కోసం జులైకి వాయిదా. చదవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు వాళ్లు బయటికి రావడానికి.

మెట్ల దగ్గర ఐలేశం ఒంటరిగా నిలబడి ఉన్నాడు. బాలస్వామి మనుషులు ఆయనను చుట్టుముట్టకుండా, పక్కనుంచి వెళ్లిపోయారు. "నా కొంప ముంచితివి గద మామా" అని బాలస్వామి అంటే, "నీ ఒక్క కొంప కోసం చాపను బొంద పెట్టాల్నా బిడ్డా?" అన్నాడు. తర్వాత భద్రమ్మను చూశాడు.

"నీకు మేలు చేసిన్ననుకోకు. సంఘం నూలు ఇగ నీ గడప తొక్కది."

"ఎరికే పెద్దయ్యా."

ఆమెకు ఇంకా ఏదో అనాలని ఉంది. కోర్టు ముందు చూపిన పౌరుషంలో సగం ఆనాడు గాలయ్య ముందు చూపి ఉంటే... అనలేదు. ఆయన ఎండలోకి దిగి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంటూ పోయాడు.

లియాఖత్ అలీ చాయ్ తెప్పించాడు. అతని మొహం పండగలా ఉంది. అతని మొదటి పెద్ద గెలుపు అది. రెండేళ్లు ఎలా తీసివేశారో, తీసివేస్తే ఎంత మిగిలిందో వేళ్ల మీద మళ్లీ చెప్పుకొచ్చాడు. అండాలు వింటూ వింటూ అడిగింది.

"సాబ్, వాడు దుబాయి పోకుంట ఊర్లెనే ఉంటే?"

"కేసు కొట్టేస్తుండిరి బిడ్డా."

"వాడు దుబాయిల ఉన్నప్పుడు నేను నీళ్లకు ఒక్కదాన్నే పోయేదాన్ని. బడికి గూడ పోయిన. వాడు దిగినంక ఇల్లు దాటుడు బంద్ చేసిన." ఆమె గ్లాసులోకి చూస్తూ మాట్లాడుతోంది. "లెక్కలకెల్లి తీసేసింది నేను భయపడని దినాలనా?"

లియాఖత్ అలీ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"భయపడ్డ దినాలు లెక్కల ఉంచిన్రు. అవి నా మీద పడ్డయి. ఆగినవు, ఆగినవు అని. గంతేనా సాబ్?"

"చట్టం వాని దిక్కు నిలబడి లెక్కపెడుతది బిడ్డా" అన్నాడు అతను. "పిల్ల పెద్దదై నోరు తెరిచేదాక ఈ మియాదు ఆగాలె అని దాంట్ల రాసి లేదు. రాయాలె. ఎవలన్న ఎన్నడన్న రాయాలె." పండగ మొహంలోంచి దిగిపోయింది.

బస్టాండులో సింగారం మనుషులు ఒక చెట్టు కింద, తల్లీకూతుళ్లు ఇంకో గోడ కింద నిలబడ్డారు. ఒకే బస్సు. ఎక్కాక కూడా వాళ్ల పక్కన ఎవరూ కూర్చోరని భద్రమ్మకు తెలుసు. చెంబు పట్టుకుని బిక్షమ్మ వచ్చింది, పిల్ల చెయ్యి పట్టుకుని.

"కేసు గెలిచినవట గదక్కా."

"గెలువలే చెల్లె. ఇయ్యాల మొదలైంది."

బిక్షమ్మ చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. "మా పిల్లది గూడ చిన్నప్పటి ముచ్చటనే ఉంది. నాకు మొన్న మొన్ననే చెప్పింది. చెప్పి, మళ్ల నోరు తెరువలే. నీ వకీలు సాబుకు చెప్తే ఏమన్న అయితదా?"

పిల్ల కొంగును ఇంకా కిందికి లాక్కుంది.

"ఎన్నేండ్లయింది?" అంది భద్రమ్మ.

"అప్పుడు బళ్లె ఏసిన కొత్తల. ఇప్పుడు సమర్తాడి రెండేండ్లు."

ఆ తర్వాతి మాట తన నోట్లోంచి రాకుండా ఆపుకోవాలనుకుంది భద్రమ్మ. నాలుగు రోజులుగా ఇంటింటా అడిగి అడిగి అది నాలుకకు అలవాటైపోయింది. "నడుమ వాడు ఎటన్న పోయిండా? దేశం దాటి?"

బిక్షమ్మకు ప్రశ్న అర్థం కాలేదు.

"యాడికి పోతడక్కా? మా మరిదే గద. ఒక్కటే ఇల్లు. ఇయ్యాల గూడ మాతోనే వచ్చిండు." గడ్డంతో చూపించింది. "అగో, షోడా బండి కాడ."

తెల్ల ధోవతి కట్టుకున్న మనిషి ఒకడు అక్కడ గోలీ షోడా కొట్టిస్తున్నాడు. సీసా నురగ కక్కింది. దాన్ని ఎత్తి పట్టుకుని, నవ్వుతూ, "తాగుతవా బిడ్డా?" అని పిల్లను కేకవేశాడు.

దేశం దాటని వాడికి ఏళ్లన్నీ లెక్కకు వస్తాయని భద్రమ్మకు తెలుసు. అతడు సీసా పట్టుకుని ఇటే నడిచి వస్తున్నాడు. అండాలు తల్లి పక్కనుంచి కదిలి, రెండడుగులు ముందుకు వేసి, ఆ పిల్లకు అడ్డంగా నిలబడింది.